చేతులు కట్టుకుని చేసే ఉద్యోగం

చొక్కాకు ఏడు బొత్తాలుంటాయి. ఆ ఏడూ పెట్టుకోవడానికి రిటైరైన డ్రాయింగు మాస్టారికి ఆ ఉదయం పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన ఎదుట ఒక నలభై రెండేళ్ల ఆడమనిషి చేతులు కట్టుకుని నిలబడి చూసింది. చూసి, కాగితం మీద ఏదో గీసుకుని, “భేష్ మాస్టారూ, పోయిన వారం కంటే నాలుగు నిమిషాలు తక్కువ” అని మెచ్చుకుని, స్కూటరెక్కి వెళ్లిపోయింది.

మాస్టారి భార్య గుమ్మంలోంచి పక్కింటావిడకు చూపించింది.

“చూశావా వదినా? ఒక్క బొత్తానికైనా చెయ్యి సాయం పట్టలేదు. దీనికి జీతం కూడానట. నేనైతే రెండు నిమిషాల్లో పెట్టేసేదాన్ని.”

నువ్వు పెట్టబట్టే కదా ఆయన వేళ్లు పని మర్చిపోయాయి అని పక్కింటావిడ మనసులో అనుకుంది. గ్లాసెడు చక్కెర కోసం వచ్చిన మనిషి కాబట్టి పైకి మాత్రం, “అవును మరి, కలికాలం” అంది.

ఆ స్కూటరు మనిషి ఉద్యోగం పేరు ఆక్యుపేషనల్ థెరపిస్టు. నోరు తిరిగినవాళ్లు మొత్తం పలుకుతారు. తిరగనివాళ్లు “చూసే మేడమ్” అంటారు. చూడటమే తప్ప చెయ్యదు కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. పెద్ద వయసులో మనసు చెడినవాళ్లుంటారు. ఒకరికి దిగులు, ఒకరికి మతిమరుపు, ఒకరికి గడప దాటాలంటే భయం. వాళ్లకు డాక్టరు మాత్ర రాస్తాడు, సిస్టరు ఇంటికొచ్చి ఆ మాత్ర గొంతు దిగిందో లేదో చూస్తుంది. అక్కడితో వాళ్ల పని అయిపోయింది. కానీ మాత్ర మింగినంత మాత్రాన దుప్పటి తనంతట తాను మడత పడదు, గడ్డం తనంతట తాను గీసుకోదు. మంచం దిగడం, స్నానం చెయ్యడం, టీ పెట్టుకోవడం, వీధి చివరి కొట్టుకు వెళ్లి దారి తప్పకుండా తిరిగి రావడం, ఈ చిల్లర పనులన్నీ చూసే మేడమ్ వాటాకు వచ్చాయి. మనం బతికేది ఈ చిల్లర పనులతోనేనని ఎవరికీ గుర్తుండదు, అవి చేతకాకుండా పోయేదాకా.

చేసి పెట్టడం ఎవరికైనా వస్తుంది. చెయ్యగలిగి, చేతులు దురద పెడుతున్నా, కట్టుకుని నిలబడటం నేర్చుకోవడానికి ఆమెకు నాలుగేళ్ల చదువు, పధ్నాలుగేళ్ల అనుభవం పట్టింది. ఈ సంగతి ఇంట్లో అత్తగారికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

“ఊరందరికీ పనులు నేర్పి వస్తావు. మీ ఆయనకి తన మేజోళ్లు ఎక్కడుంటాయో మాత్రం ఈనాటికీ తెలీదు” అంటుంది ఆవిడ.

“ఆయన్ని ముందు మీరు ముప్పై ఏళ్లు చూశారు కదత్తయ్యా. నా దగ్గరికి వచ్చేసరికే కేసు ముదిరిపోయింది.”

భర్త పేపరు వెనక నుంచి, “నేనిక్కడే ఉన్నాను” అంటాడు. ఉన్నాడని ఇద్దరికీ తెలుసు. మేజోళ్లు వెతుకుతున్నాడని కూడా తెలుసు.

ఆఫీసులో ఆమె పైఅధికారిని అందరూ ఫారాల సారు అంటారు. ఆయన దృష్టిలో మనిషి రెండు రకాలు, నింపిన ఫారం, నింపని ఫారం. నింపిన ఫారం కనబడితే కన్నబిడ్డను చూసినట్టు మురిసిపోతాడు. ఆ మురిపెం కోసమే చూసే మేడమ్ ఒకసారి తొందరపడింది. ఈ కథ ఆ తొందర గురించే.

ఒక నర్సింగు హాస్టల్లో ముప్పై ఒక్క ఏళ్లు పెద్ద వంటమ్మగా చేసిన ఆవిడ ఉంది. డెబ్భై మూడేళ్లు. భర్త పోతే, పాతికమంది ఉన్న అత్తారింటి ఉమ్మడి కాపురం వదిలి, కూతుర్ని చంకనేసుకుని ఆ హాస్టల్లో చేరింది. అక్కడే గది, అక్కడే తిండి, అక్కడే జీవితం. ఏడాది కిందట హాస్టలు మూతపడింది. కూతురు రెండు గదుల వాటా చూసి, మూడో అంతస్తులో పెట్టింది. అప్పటిదాకా నూట ఇరవై మందిని ఒక్క కేకతో బంతిలో కూర్చోబెట్టిన మనిషి, ఆ రెండు గదుల్లో గోడకు తిరిగి పడుకుంది. స్నానం లేదు, తల దువ్వడం లేదు, కొట్లో బన్ను తెప్పించుకుని సగం తిని సగం పారేసేది. డాక్టరు చూసి దిగులు జబ్బన్నాడు. మాత్రలు వేశాక లేచి కూర్చుంది. లేచి కూర్చున్న మూడో వారం స్టవ్ మీద గిన్నె పెట్టి వదిలేసింది. పొంగి, మంట ఆరి, గ్యాసు వాసన కింద అంతస్తుదాకా దిగింది. వాళ్లు పైకొచ్చి తలుపు బాదారు.

కూతురు బస్‌స్టేషన్లో టిక్కెట్ల కౌంటరులో పని చేస్తుంది. ఆ రోజు నుంచి కౌంటరులో ఫోను మోగితే ఆమె ఇవ్వాల్సిన చిల్లర చేతిలోనే పెట్టుకుని ఫోనెత్తేది.

“మేడమ్, అమ్మకి మతి పోతోంది. ఏదో ఒకరోజు బిల్డింగంతా లేచిపోతుంది. వృద్ధుల హోమ్‌లో పేరు రాయించాను, ఒకటో తారీఖుకి మంచం ఖాళీ అవుతుందట. అప్పటిదాకా ఆ స్టవ్ తీసేయమని మీరు రాసివ్వండి. నేను తీస్తే శత్రువునవుతాను.”

అంటే మేడమ్ రాస్తే శత్రుత్వం సర్కారు ఖాతాలోకి పోతుందన్నమాట. కూతుళ్ల తెలివి కూతుళ్లది.

రాసివ్వాలంటే ముందు పరీక్ష పెట్టాలి. ఆ రోజు మేడమ్ తన ఫారం తీసింది. ఒక్క కప్పు టీ పెట్టడం, దానికి ఇరవై నాలుగు గళ్లు. గిన్నె ఎంచుకున్నదా, నీళ్లు సరిపడా పోసిందా, చక్కెర డబ్బా గుర్తుపట్టిందా, ఇలా. ఒక్క కప్పు టీకి ఇరవై నాలుగు గండాలున్నాయని తెలిస్తే సగం మంది మంచినీళ్లతో సరిపెట్టుకుందురు.

“ఒక్క కప్పు టీ పెట్టండి పెద్దమ్మా.”

“ఎంతమందికి?”

“ఒక్కరికే.”

వంటమ్మ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఇంట్లో ఉన్న గిన్నెల్లో అన్నిటికంటే పెద్దది తీసింది. సగందాకా నీళ్లు పోసింది. పాల ప్యాకెట్లు రెండూ చింపి పోసింది. గుప్పెడు పొడి వేసి, చక్కెర డబ్బా చేత్తో పట్టుకుని, వెయ్యాలా వద్దా అని చాలాసేపు నిలబడిపోయింది. చివరికి కళ్లు మూసుకుని కుమ్మరించింది. స్టవ్ వెలిగించి, దానికి వీపు పెట్టి, ఇంట్లో ఉన్న ఆరు గ్లాసులూ బల్ల మీద వరసగా పేర్చడం మొదలుపెట్టింది. వెనక పాలు పొంగాయి. మంట ఆరిపోయి గ్యాసు బుస్సుమంటోంది. మేడమ్ చేతులు కట్టుకుని పదిదాకా లెక్కపెట్టింది. పదకొండు లెక్కపెడితే ఫారం నింపడానికి మనిషి మిగలదని, వెళ్లి కట్టేసింది.

వంటమ్మ వెనక్కి తిరిగి చూసి, “అదీ” అంది, ఎంతో తృప్తిగా.

మేడమ్ రాసుకుంది: ప్రమాదం గుర్తించలేదు. మార్కులు ఇరవై నాలుగుకి ఆరు. పూర్వ వృత్తి అనే గడిలో ‘వంట’ అని రాసింది. అక్కడే ఆమె పప్పులో కాలేసింది. ముప్పై ఏళ్లు వండిన మనిషే టీ పెట్టలేకపోతే ఇంక మతి పోయినట్టే కదా అనుకుంది. కొలతలు మరచినది, స్టవ్ తొలగించవలెను, ఒంటరిగా ఉండతగదు అని తేల్చేసింది. ఫారాల సారు ఆ రిపోర్టును కాంతికి ఎత్తి పట్టుకుని చదివాడు.

“ఒక్క కొట్టివేత లేదు! ఇలా ఉండాలమ్మా రిపోర్టంటే. వచ్చే గురువారం కేసులు తేల్చే కమిటీలో పెట్టేద్దాం.”

ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించాలని ఒక నియమం ఉంది. చాలామంది ఆ నియమాన్ని ఫోన్లోనే కానిచ్చేస్తారు. మేడమ్‌కు ఆ చెడ్డ అలవాటు లేదు. మర్నాడు వెళ్లి వంటమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని చదివింది. స్నానం చెయ్యడం లేదన్నప్పుడు వంటమ్మ పలకలేదు. దిగులుగా ఉంటుందన్నప్పుడు పలకలేదు. ఒంటరిగా ఉండతగదన్నా గోడవైపే చూస్తోంది. కొలతలు మరచినది అన్న చోటికి రాగానే మంచం కిర్రుమంది.

“ఏంటీ? మళ్లీ చదువు.”

“కొలతలు...”

“నాకా? కొలతలా? అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచి... సరే, నువ్వు పుట్టాకే అనుకో. నూట ఇరవై మందికి ఆరు లీటర్ల పాలు, ఏడు లీటర్ల నీళ్లు, మూడు వందల గ్రాముల పొడి, కిలోంబావు చక్కెర. పరీక్షల రోజుల్లో పిల్లలు మేలుకోవాలని పొడి ఇంకో యాభై. సెలవుల్లో నలభై మందే ఉంటే రెండు లీటర్ల పాలు, పొడి మాత్రం నూట పది, తక్కువ నీళ్లలో పొడి సరిగ్గా దిగదు. రాసుకో. మరిచిపోయింది నేనా నువ్వా?”

మేడమ్ ఫోను తీసి భాగించింది. నూట ఇరవైతో భాగిస్తే మనిషికి యాభై మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా పొడి. తన ఫారం వెనక అచ్చేసిన కొలత కూడా అదే.

మతి పోయినవాళ్లకు ఉండేది ఇలాంటి జ్ఞాపకం కాదు. ఈవిడ బతుకులో ఎన్నడూ ఒక్కరికి వండలేదు. తన ఇల్లంటూ లేదు, తనకంటూ వేరే పొయ్యి లేదు. తిన్నదంతా పెద్ద గుండిగ అడుగున మిగిలిందే. ఒక్క కప్పు అనేసరికి చక్కెర డబ్బా పట్టుకుని అలా నిలబడిపోయింది మరిచిపోయి కాదు, ఎన్నడూ నేర్చుకోక.

“సరే పెద్దమ్మా, కొలతల దగ్గర తప్పు నాదే. మరి స్టవ్ ఎందుకు కట్టలేదు?”

“నేనెందుకు కట్టాలి?”

“పొంగుతోంది కదా.”

“పొంగితే?” వంటమ్మ నిజంగానే అర్థం కానట్టు అడిగింది. “వెలిగించేది నేను. ఆపేది సహాయకురాలు. నేను వెలిగించి గ్లాసుల దగ్గరికి పోతాను, అది పొయ్యి దగ్గర నిలబడుతుంది. నేను ‘ఆపవే!’ అంటే ఆపుతుంది. మొన్న నువ్వు నేను అరవకముందే ఆపావు. చురుకైనదానివే అనుకున్నాను.”

ఆ ‘అదీ’కి అర్థం అదన్నమాట. పధ్నాలుగేళ్ల అనుభవజ్ఞురాలు వంటమ్మకు పరీక్ష పెట్టాననుకుంది. వంటమ్మ ఆ రోజు సహాయకురాలికి పరీక్ష పెట్టి, పాసు చేసింది.

“పెద్దమ్మా, ముప్పై ఒక్క ఏళ్లలో మీరు ఎన్నడూ పొయ్యి ఆపలేదా?”

“ఎవరి పని వాళ్లది. రేపు నువ్వు మందులిస్తావా, ఇంజెక్షన్లు పొడుస్తావా?” అని, గొంతు తగ్గించింది. “మా అమ్మాయి పంపిస్తానన్న చోట స్టవ్ ఉంటుందా?”

“ఉండదు. వాళ్లే వండి పెడతారు.”

“తీసేస్తే నేను గోడవైపు తిరిగి పడుకుంటాను. ఈసారి లేవను. అది కూడా రాసుకో.”

బెదిరింపు కాదది. సిస్టరు కూడా లేపలేని మనిషిని ఆ రోజు మంచం మీద నుంచి లేపింది వంట ఊసు ఒక్కటే. మేడమ్ మెట్లు దిగుతూ ఆలోచించింది. మతి బాగానే ఉందని రాసేస్తే సరిపోదు. మతి బాగున్న మనిషి వదిలిన గ్యాసైనా మతి లేని మనిషి వదిలిన గ్యాసైనా, బిల్డింగుకు తేడా తెలియదు. ఈవిడ స్టవ్ ఆపడం నేర్చుకోవాలి, నేర్చుకునేదాకా గడువు కావాలి.

గడువు ఫారాల సారు దగ్గర ఉంది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ కుందేలును పట్టిచ్చింది తనే కావడం మేడమ్ ఖర్మ.

“రిపోర్టు వెనక్కి తీసుకుంటావా? అలా చేస్తే ముందు రాసింది తప్పని ఒప్పుకున్నట్టవుతుందమ్మా!”

“తప్పే సార్.”

“అంత గట్టిగా అనకు. ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశావు కదా!”

“ఒక్క కొట్టివేత లేకుండా తప్పు రాశాను సార్.”

ఆయన ముఖం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది. చివరికి, ఇరవై తొమ్మిదో తారీఖు కమిటీ దాకా గడువిచ్చాడు. మళ్లీ పరీక్ష పెడితే తాను స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. పన్నెండు రోజులు. హోమ్‌కు ఏ మాటా చెప్పొద్దని మేడమ్ కూతుర్ని బతిమాలింది. “మీకేం మేడమ్, గ్యాసు పేలితే మీకు కాలేది ఫారం, నాకు కాలేది అమ్మ” అందామె. అని, తానే రోజూ డ్యూటీ కాగానే వచ్చి, మేడమ్ పని అయ్యాక రెగ్యులేటరు కట్టేసి వెళ్తానని ఒప్పుకుంది. మేడమ్ ఉన్నప్పుడు తప్ప స్టవ్ వెలగదు, ఇదీ ఒప్పందం.

మొదట మేడమ్ ‘ఆపండి’ అని పెద్ద అక్షరాలతో రాసి స్టవ్ పైన గోడకు అతికించింది. వంటమ్మ చదివి తల ఊపింది.

“మంచి పని చేశావు. ఆపేవాళ్లకి గుర్తుంటుంది.”

తర్వాత గంట కొట్టే గడియారం తెచ్చింది. గణగణమని మోగగానే వంటమ్మ గరిటె పుచ్చుకుని గ్లాసుల దగ్గరికి పరుగు తీసింది. హాస్టల్లో గంట మోగితే పిల్లలు వచ్చేసినట్టు. స్టవ్ దగ్గర పాలు మళ్లీ పొంగాయి. గడియారం సంచిలోకి పోయింది.

అయిదో రోజు మేడమ్‌కు విసుగొచ్చి, “అసలు ఆ సహాయకురాలికి మీరెలా నేర్పారు?” అని అడిగింది.

“నేర్పడమేంటి? అరిచేదాన్ని. కదలకపోతే తిరిగి చూసి తిట్టేదాన్ని.”

“అయితే అలాగే అరవండి. నేను కదలను.”

“కదలకపోతే పాలు పొంగవూ?”

“పొంగనివ్వండి.”

వంటమ్మ అరిచింది. ముప్పై ఒక్క ఏళ్లు హాస్టలు మొత్తానికి వినబడిన గొంతు రెండు గదుల్లో పడితే ఎలా ఉంటుంది? ‘ఆపవే!’ అన్న కేకకు కింద అంతస్తులో భార్యతో తగువాడుతున్న ఆయన టక్కున నోరు మూశాడు. మేడమ్ మాత్రం చేతులు కట్టుకుని స్తంభంలా నిలబడింది. వంటమ్మ తిరిగి చూసింది. పాలు అంచుదాకా వచ్చాయి. “ఎంత మొద్దు మనిషివే నువ్వు!” అని విసురుగా వచ్చి, తనే స్టవ్ చెవి తిప్పి కట్టేసింది. కట్టేసి, తన చేతి వంక చూసుకుంది, అది ఎవరిదో అయినట్టు.

మేడమ్‌కు సంతోషం పట్టలేక అరవాలనిపించింది. చేతులు కట్టుకుని ఉంది కాబట్టి నోరు కూడా కట్టుకుంది.

ఆ తర్వాత రోజూ అదే కేక. ఒక రోజు ఆపింది, ఒక రోజు అరిచి మరిచిపోయింది, తర్వాత మూడు రోజులు వరసగా ఆపింది. తిరిగి చూసేది, తిట్టేది, ఆపేది. తిట్లు మాత్రం రోజుకో కొత్త రకం. కొలతలు కూడా నూట ఇరవై మంది నుంచి పదిమందికి, పదిమంది నుంచి నలుగురికి దిగాయి. తల దువ్వుకోవడం కూడా ఈ మధ్యలోనే మొదలైంది. ఎవరూ చెప్పలేదు. సహాయకురాల్ని తిట్టేటప్పుడు జుట్టు మొహం మీద పడుతోందట.

పరీక్ష రోజు ఫారాల సారు వచ్చాడు. మూడంతస్తులెక్కి రొప్పుతూ, ఫారం బిగించిన అట్ట తీసుకుని గోడకానుకున్నాడు. కూతురు డ్యూటీ మార్చుకుని వచ్చి, గుమ్మం దగ్గర చున్నీ కొస నలుపుతోంది.

“ఎంతమందికి?” అంది వంటమ్మ.

“నలుగురికి.”

“నలుగురి కోసం ఇంతమంది వచ్చి చూడాలా!”

చిన్న గిన్నె తీసింది. నాలుగు చెంచాల పొడి, ఎనిమిది చెంచాల చక్కెర, ఎక్కడా ఆగలేదు. వెలిగించింది. వీపు తిప్పి గ్లాసుల దగ్గరికి వెళ్లింది. నురగ పైకి లేస్తోంది.

“ఆపవే!”

ఫారాల సారు ఉలిక్కిపడి అట్ట వదిలేశాడు. కూతురి చెయ్యి దానంతట అదే స్టవ్ వైపు లేచింది. మేడమ్ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. పొంగిన పొయ్యి కట్టడం తప్పిస్తే, ఉద్యోగంలో చేరాక ఆమె ఒక పనిలో చెయ్యి పెట్టడం అదే మొదలు, అది కూడా పని జరగకుండా ఆపడానికి. నురగ అంచు దాటి ఒక్క చుక్క మంట మీద పడి చుయ్యిమంది. “మేడమ్, వదలండి” అని కూతురు గుసగుసలాడింది. మేడమ్ వదలలేదు. తన లెక్క ఈసారి కూడా తప్పైతే అన్న ఆలోచన వచ్చింది. అయినా వదలలేదు.

వంటమ్మ తిరిగి చూసింది.

“ముగ్గురున్నారు! ముగ్గురూ దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు! జీతాలు దేనికిస్తున్నారో మీకు?”

వచ్చి ఆపేసింది. కింద రెగ్యులేటరు కూడా వంగి తిప్పింది. అది ఎవరూ నేర్పలేదు, కూతురు రోజూ చేస్తుంటే చూసింది. తర్వాత నాలుగు గ్లాసుల్లో పోసింది. చుక్క ఎక్కువ కాలేదు, చుక్క తక్కువ కాలేదు.

ఫారాల సారు టీ తాగి, గ్లాసు వంక రెండుసార్లు చూసి, ఇరవై నాలుగు గళ్లూ నింపాడు. ‘స్టవ్ ఆపు విధానము’ అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. చాలాసేపు బుర్ర గోక్కుని, ‘గట్టిగా అరిచి, తరువాత తానే ఆపును’ అని రాశాడు. స్టవ్ ఉంచవచ్చును, మూడు నెలలు వారం వారం చూడవలెను అని కింద సంతకం పెట్టాడు. మొదటి రిపోర్టును అడ్డంగా కొట్టేస్తున్నప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

కూతురు వరండాలోకి వెళ్లి హోమ్‌కు ఫోను చేసింది.

“ఒకటో తారీఖు మంచం మా అమ్మకి అక్కర్లేదండీ.”

అవతలి గొంతు అలవాటైన విచారంలోకి దిగింది. “అయ్యో... ఎప్పుడు పోయారండీ?”

“పోలేదండీ! స్టవ్ ఆపింది.”

“ఆపితే? స్టవ్ అందరూ ఆపుతారు కదండీ?”

“ఆపుతారండీ,” అంది కూతురు. “మా అమ్మ ఈ నెలలోనే మొదలుపెట్టింది.”